మండే ముఖానికి బి3 పూత: నమ్మదగింది ఎంత?

కృష్ణా డెల్టాలో ఎవరి ముఖమైనా కందిపోయి చురచురలాడితే ఇంట్లో ముందు వినబడే మాట "వేడి చేసింది" అని. మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు, పడుకోబోయే ముందు గంధం అరగదీసి పూస్తారు. రెండు మూడు రోజుల్లో తగ్గితే సరే. నెలల తరబడి బుగ్గలూ ముక్కూ అలాగే మండుతుంటే చల్లపల్లి లాంటి ఊళ్లో తర్వాత వెళ్లేది మందుల షాపుకి. అక్కడ చేతికొచ్చేది ఓ ట్యూబు. ఈమధ్య ఈ వరసలోకి ఫోన్లో చూసి తెప్పించుకునే సీరం సీసా కూడా వచ్చి చేరింది. దాని మీద పెద్దక్షరాలతో కనబడే పేరు నియాసినమైడ్. విటమిన్ బి3కి ఉన్న రెండు ప్రధాన రూపాల్లో అదొకటి. ఎర్రబడి మండే చర్మాన్ని చల్లబరుస్తుందని దానికి పేరొచ్చింది.

ఆ పేరు వెనక ఉన్న పరిశోధన ఎంత గట్టిది, మన ఎండకూ మన తిండికీ మన చామనఛాయ చర్మానికీ అది ఎంతవరకు పనికొస్తుందన్నది ఇక్కడ చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నియాసినమైడ్ వైద్యానికి మంచి తోడు, అంతవరకే. మన ప్రాంతంలో ముఖాలను పాడుచేస్తున్నది చాలాసార్లు దానికంటే ముందు పూసేసిన ట్యూబు.

మొదట జబ్బు సంగతి. వైద్యులు రోజేషియా అని పిలిచేది ముఖం మధ్యభాగంలో ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉండే వాపు జబ్బు. ఎక్కువగా ముప్పై దాటిన వాళ్లకు వస్తుంది. మొదట్లో ఎండకో, పొయ్యి సెగకో, కోపానికో బుగ్గలు జేవురిస్తాయి. కొన్నాళ్లకు ఆ ఎరుపు పోకుండా నిలిచిపోతుంది. సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి, ఎర్ర పొక్కులూ చీముపొక్కులూ లేస్తాయి. కొందరు మగవాళ్లలో ముక్కు చర్మం దళసరెక్కుతుంది. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగరలాడటం, రెప్పల అంచులు ఎర్రబడటం కూడా ఇందులో భాగమే. దాన్ని వేరే జబ్బనుకుని వదిలేసేవాళ్లు చాలామంది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను గుదిగుచ్చి 2018లో వేసిన ఒక అంచనా ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 5.46 శాతం మందికి ఇది ఉంది.

పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలన్నీ తెల్లవాళ్ల ముఖాలు కావడం వల్ల ఇది మనకు రాని జబ్బన్న భావన బలపడిపోయింది. మన చర్మంలో ఎరుపు ఎరుపుగా కనబడదు. ముదురు గోధుమ రంగులోనో కాస్త వంగపండు ఛాయలోనో ఉంటుంది, చూసేవాళ్లకు 'ఎండకు నల్లబడింది' అనిపిస్తుంది. అనుభవించే మనిషికి మాత్రం వేడి, మంట, పొడుచుకున్నట్టు నొప్పి స్పష్టంగా తెలుస్తాయి. అందుకే అద్దంలో కనబడే రంగు కంటే రోగి చెప్పే మాటకు విలువెక్కువ. వేలితో నొక్కితే రంగు పాలిపోయి, వదిలితే మళ్లీ రావడం ఒక గుర్తు. మొటిమల్లో ఉండే నల్ల తలల పొక్కులు ఇందులో ఉండవు. బుగ్గల మీద సీతాకోకచిలుక ఆకారంలో వచ్చే లూపస్ దద్దురు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. కీళ్ల నొప్పులు, జ్వరం, నోట్లో పుళ్లు తోడైతే సీరం సంగతి పక్కనపెట్టి ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి.

జబ్బు ఎందుకొస్తుందన్నదానికి పూర్తి సమాధానం ఇంకా లేదు. కొన్ని ముక్కలు మాత్రం గట్టిగా తెలిశాయి. 2007లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ గాలో బృందం ఒక విషయం బయటపెట్టింది. సూక్ష్మజీవుల నుంచి కాపాడేందుకు మన చర్మమే తయారుచేసుకునే కాథెలిసిడిన్ అనే పదార్థం రోజేషియా ఉన్నవాళ్లలో మోతాదుకు మించి, తేడా రూపంలో తయారై వాపునూ రక్తనాళాలనూ రెచ్చగొడుతోంది. వెంట్రుకల కుదుళ్లలో ఉండే డెమోడెక్స్ అనే కంటికి కనబడని పురుగులు ఈ చర్మంలో మామూలుకంటే ఎక్కువ కనిపిస్తాయి. వీటన్నిటితోపాటు చర్మపు పైపొర కూడా బలహీనంగా ఉంటుంది. నియాసినమైడ్‌కి పని దొరికేది ఇక్కడే.

దాని దగ్గరకు వెళ్లేముందు బి3 విటమిన్‌కీ చర్మానికీ ఉన్న పాత సంబంధం గురించి చెప్పాలి, అందులో హైదరాబాదుకు పెద్ద వాటా ఉంది కాబట్టి. ఈ విటమిన్ లోపిస్తే పెల్లాగ్రా వస్తుంది. ఎండ తగిలే చోటల్లా, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ కంటె వేసినట్టు చర్మం నల్లబడి పగులుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి, మతి తప్పుతుంది. అమెరికాలో మొక్కజొన్న తిండి మీద బతికిన పేదలను పీడించిన ఈ జబ్బుకు కారణం అంటు కాదని, తిండిలో లోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నిరూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ ఆ లోపం నికోటినిక్ ఆమ్లానిదని తేల్చాడు. మన దక్కన్‌లో మొక్కజొన్నతో పనిలేకుండానే జొన్న తినే కూలీల ఇళ్లలో పెల్లాగ్రా కనబడింది. జొన్నలో బి3 తక్కువేమీ కాదే, మరెందుకు వస్తోంది? హైదరాబాదులో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ఈ ప్రశ్న వెంటపడ్డారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం శరీరం బి3ని వాడుకోవడానికి అడ్డుపడుతోందని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. దాని మీద తర్వాత చాలా వాదోపవాదాలు నడిచాయి. అయినా తినే గింజకూ చర్మానికీ మధ్య లంకె వెతికిన గొప్ప తెలుగునేల పరిశోధన అది.

ఇక్కడే చాలామంది తప్పుదారి పడుతున్నారు. విటమిన్ లేక చర్మం పాడైంది కాబట్టి, చర్మం పాడైతే విటమిన్ మింగాలన్నది వాళ్ల లెక్క. రోజేషియా లోపం వల్ల వచ్చే జబ్బు కాదు. డెల్టాలో వరి అన్నం, పప్పు, చేప, గుడ్డు తినే మనిషికి బి3 కొరత మామూలుగా రాదు. రోజేషియాకు ఈ విటమిన్ పనికొస్తే అది పూతగా, చర్మం మీద చేసే పని వల్లే.

మరో జాగ్రత్త ఉంది, ఇది తెలియక ఇబ్బంది పడేవాళ్లను చూస్తున్నాం. బి3కి రెండు రూపాలన్నాను కదా. ఒకటి నికోటినిక్ ఆమ్లం, దీన్నే నియాసిన్ అంటారు. కొలెస్ట్రాల్ కోసం దీన్ని పెద్ద మోతాదులో వాడేవారు. అది మింగిన కాసేపటికి ముఖం, మెడ ఎర్రగా జేవురించి మండుతాయి, ఎందుకంటే అది చర్మంలో ప్రోస్టాగ్లాండిన్‌లను విడుదల చేయించి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. రోజేషియా ఉన్నవాళ్లకు అది నిప్పు మీద నెయ్యి. రెండోది నియాసినమైడ్, నికోటినమైడ్ అన్నా అదే. ఇది ఆ పని చేయదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని బి3 మాత్ర ఏదో ఒకటి కొనేసుకుంటే ముఖానికి మేలు చేయబోయి కీడు చేసుకున్నట్టే. నొప్పులకు రుద్దుకునే కొన్ని పూతల్లో ఉండే మిథైల్ నికోటినేట్ కూడా ఎర్రబరిచే కుటుంబంలోదే. ఆ చేత్తో ముఖం తుడుచుకోకూడదు.

ఇక నియాసినమైడ్ చర్మంలో ఏం చేస్తుందో చూద్దాం. మన చర్మపు పైపొర కృష్ణ కరకట్ట లాంటిది. గట్టు బాగుంటే లోపలి నీరు లోపలే, బయటి వరద బయటే. కొవ్వు పదార్థాలతో, ముఖ్యంగా సెరమైడ్‌లతో ఆ గట్టు కట్టి ఉంటుంది. రోజేషియా చర్మంలో ఆ గట్టుకు సన్నటి గండ్లు పడతాయి. నీరు ఆవిరైపోతుంది, సబ్బు, చెమట, దుమ్ము లోపలికి దిగి మంట పుట్టిస్తాయి. 2000లో తనో బృందం బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో ప్రచురించిన అధ్యయనంలో నికోటినమైడ్ పైపొర కణాల చేత సెరమైడ్‌లనూ ఇతర కొవ్వులనూ ఎక్కువగా తయారు చేయించిందని, చర్మం నుంచి నీరు పోవడం తగ్గిందని తేలింది. దీనికితోడు వాపును నడిపించే కొన్ని సంకేతాలను అది తగ్గిస్తుంది. కణాల్లో శక్తి మారకానికి అవసరమైన ఎన్‌ఏడీ అనే అణువుకు ముడిసరుకు కూడా ఇదే. చెప్పుకోవడానికి ఇవన్నీ బాగానే ఉన్నాయి. రోగి ముఖం మీద ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న.

రోజేషియా ఉన్నవాళ్ల మీద నేరుగా చేసిన పరీక్షల్లో ఎక్కువగా ఉదహరించేది జోయి డ్రేలోస్ బృందం 2005లో క్యూటిస్ పత్రికలో ప్రచురించినది. యాభై మంది నాలుగు వారాల పాటు రోజుకు రెండుసార్లు నియాసినమైడ్ కలిపిన మాయిశ్చరైజర్‌ను ముఖానికీ, ఒక ముంజేతికీ రాసుకున్నారు. రాసిన చేతి చర్మం రాయని చేతికంటే తేమను బాగా నిలుపుకుంది, రసాయనంతో రెచ్చగొట్టినా తట్టుకుంది. ముఖంలోనూ మెరుగు కనబడింది. ఈ ఫలితం నాకు నమ్మబుద్ధి వేస్తుంది. కానీ ముఖం విషయంలో పోల్చి చూడ్డానికి నియాసినమైడ్ లేని మాయిశ్చరైజర్ వాడిన జట్టు లేదు. మంచి మాయిశ్చరైజర్ ఏదైనా ఈ చర్మానికి హాయినిస్తుంది. వచ్చిన మేలులో విటమిన్ వాటా ఎంత, కింది క్రీము వాటా ఎంత అన్నది ఈ పరీక్ష విడదీసి చెప్పదు. ఒక సౌందర్య సాధనాల కంపెనీ పరిశోధకులు ఇందులో భాగస్వాములన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అదే ఏడాది పోలండ్‌లో వోజ్నియాకా బృందం 1-మిథైల్ నికోటినమైడ్ అనే దగ్గరి చుట్టాన్ని 0.25 శాతం జెల్‌గా 34 మందికి నాలుగు వారాలు వాడింది. 26 మందికి మెరుగైంది. ఇందులోనూ పోలిక జట్టు లేదు. 2006లో నోటిద్వారా 750 మిల్లీగ్రాముల నికోటినమైడ్‌ను జింక్, రాగి, ఫోలిక్ ఆమ్లంతో కలిపి మొటిమలు లేదా రోజేషియా ఉన్న 198 మందికి ఇచ్చారు. నాలుగు వారాలకు 79 శాతం మంది బాగుందన్నారు. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న జట్టు లేనప్పుడు, రెండు జబ్బులూ కలిసిపోయినప్పుడు ఆ 79కి ఎంత బరువివ్వాలో పాఠకులే ఆలోచించుకోవచ్చు. మొత్తం మీద చూస్తే పరీక్షలు చిన్నవి, తక్కువ కాలానివి, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. పెద్ద హాని ఉన్నట్టు ఏదీ చెప్పలేదు. ఎక్కువగా తెల్లచర్మం మీదే జరిగాయి. మన దగ్గర, మన ఎండలో, ఒకే క్రీమును నియాసినమైడ్‌తో ఒక సగానికీ, లేకుండా మరో సగానికీ పన్నెండు వారాలు రాయించి చూస్తే తేలిపోయే విషయమిది. అంత ఖర్చయ్యే పని కూడా కాదు. మన వైద్య కళాశాలల చర్మ విభాగాల్లో పీజీ చేసే పిల్లలకు ఇంతకంటే మంచి థీసిస్ అంశం ఏముంటుంది?

ఎంత శాతం వాడాలన్నదాని మీద పెద్ద గందరగోళం ఉంది. అంగట్లో ఇప్పుడు పది శాతం సీసాలే ఎక్కువ. ఎక్కువ అంకె ఉంటే ఎక్కువ పని అని కొనేవాళ్ల ధైర్యం. చర్మపు పైపొర బాగుపడ్డ పరీక్షల్లో చాలావరకు వాడింది రెండు శాతం, మచ్చల మీదా ముడతల మీదా చేసిన వాటిలో నాలుగైదు శాతం. అమెరికాలో సౌందర్య పదార్థాలను సమీక్షించే నిపుణుల బృందం 2005లో ఐదు శాతం వరకు వాడకంలో చిరాకు కనబడలేదని చెప్పింది. ఆ పరీక్షలు ఆరోగ్యమైన చర్మం మీద. గండ్లు పడ్డ చర్మానికి పది శాతం పూస్తే కొందరికి మంట, ఎరుపు పెరుగుతాయి, అప్పుడు 'నాకు నియాసినమైడ్ పడదు' అనేసుకుంటారు. రోజేషియా ఉన్నవాళ్లకు రెండు నుంచి ఐదు శాతం చాలు. అదీ నీళ్లలాంటి సీరం కంటే సెరమైడ్, గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్‌లో కలిసి ఉంటే నయం. వాసన కోసం కలిపే సుగంధాలు, స్పిరిట్, మెంథాల్, నిమ్మ, యూకలిప్టస్ నూనెలు ఉన్నదైతే ముందు 'చల్లగా' అనిపించి తర్వాత మండిస్తుంది. చెవి వెనక, దవడ అంచున కొద్దిగా రాసి వారం చూడాలి. పడితే శనగగింజంత తీసుకుని రాత్రిపూట మొదలుపెట్టి, తర్వాత రెండు పూటలా వాడుకోవచ్చు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి.

మిగతా విటమిన్ల మాట త్వరగా చెప్పేస్తాను. విటమిన్ సి సీరంలో ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం పుల్లగా ఉంటేనే నిలుస్తుంది, ఆ పులుపు ఈ చర్మాన్ని పొడుస్తుంది. విటమిన్ ఎ జాతి రెటినాల్ పొలుసులు లేపుతుంది, జబ్బు అదుపులోకి వచ్చేవరకు దూరంగా ఉంచాలి. బి5 రూపమైన పాంథెనాల్ మాత్రం మెత్తనిది, నియాసినమైడ్‌తో కలిసి బాగా నడుస్తుంది. ఈ బి5 మూలమైన పాంటోథెనిక్ ఆమ్లం మీద 1939లో జార్జ్ హిచింగ్స్‌తో కలిసి పరిశోధనాపత్రం ప్రచురించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. సి, బి3 కలిపితే విషమవుతుందన్న భయానికి ఆధారం లేదు.

ఇప్పుడు ట్యూబు సంగతి. ఈ వ్యాసంలో నేను ఎక్కువ సేపు ఆగాలనుకున్న చోటు ఇదే. మంగు మచ్చలకనో, మొటిమలకనో, తెల్లబడటానికనో మన ఊళ్లలో అమ్మే చాలా క్రీముల్లో బీటామెథసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన వారంలో ముఖం నున్నగా, తెల్లగా, చల్లగా అనిపిస్తుంది. పక్కింటామెకు చెబుతాం, ఆమె కూడా కొంటుంది. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు తేలతాయి, బుగ్గల మీద నూగు వెంట్రుకలు పెరుగుతాయి, పొక్కులు లేస్తాయి. మానేద్దామంటే రెండో రోజుకే ముఖం అగ్గిలా మండుతుంది. మళ్లీ రాస్తే చల్లారుతుంది. ఇలా మనిషి ట్యూబుకు బానిసవుతుంది. చూడ్డానికి అచ్చం రోజేషియాలాగే ఉండే ఈ స్థితిని మన దేశపు చర్మవైద్యులు స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖంగా విడిగా గుర్తించారు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దేశంలోని పన్నెండు చర్మవైద్య కేంద్రాలకు ముఖ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే 433 మంది స్టెరాయిడ్ పూత వాడుతున్నారు. వాళ్లలో 126 మంది దాన్ని ఫెయిర్‌నెస్ క్రీముగానో, మామూలు ముఖం క్రీముగానో, గడ్డం గీసుకున్నాక పూతగానో వాడారు. సగానికి పైగా మందికి దాన్ని చెప్పింది డాక్టరు కాదు. నూటికి తొంభై మందిలో చెడు ఫలితాలు కనబడ్డాయి.

2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి మార్చింది. భారత చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి చేసిన పోరాటానికి అదో ఫలితం. అయినా కౌంటర్ మీద ట్యూబు అడిగితే చేతికి వస్తూనే ఉంది. తెల్లగా కనబడాలన్న ఆశను పెళ్లి సంబంధాల మాటలు పెంచి పోషిస్తున్నంతకాలం ఒక్క చట్టం దీన్ని ఆపలేదు. స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖానికి నియాసినమైడ్ విరుగుడు కాదు. స్టెరాయిడ్‌ను డాక్టరు చెప్పిన పద్ధతిలో మాన్పించి, మంటను మందులతో అదుపు చేస్తూ, గట్టు మళ్లీ కట్టుకునే నెలల్లో అది సాయపడుతుంది.

వేడి గురించి పెద్దవాళ్లు చెప్పిన దానిలో కొంత నిజం ఉందని ఇప్పటి శాస్త్రం ఒప్పుకుంటోంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం మిరప ఘాటును పట్టే టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని నరాల్లో గుర్తించింది. వేడినీ అదే ద్వారం పసిగడుతుంది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. రోజేషియా చర్మంలో ఈ జాతి ద్వారాలు ఎక్కువగా ఉంటాయి. రోహిణి కార్తె ఎండలో బజారుకు వెళ్లొచ్చి, వంటింటి సెగలో నిలబడి, ఆవకాయ కలిపిన అన్నం తిన్నాక బుగ్గలు భగ్గుమనడం అందుకే. అలాగని కారం మానేయమని అందరికీ చెప్పను. ఎవరికి ఏది రెచ్చగొడుతుందో రెండు వారాలు రాసుకుని దాన్ని మాత్రం తగ్గించుకుంటే చాలు. కాఫీని అనవసరంగా నిందిస్తారు. అమెరికాలో 82,737 మంది నర్సుల మీద జరిగిన అధ్యయనంలో కెఫీన్ ఉన్న కాఫీ ఎక్కువ తాగేవాళ్లలో రోజేషియా తక్కువగా కనబడింది. పొగలు కక్కే వేడే ఇబ్బంది, కాస్త చల్లార్చి తాగితే సరి. పసుపు నలుగు, సున్నిపిండి రుద్దడం, ముఖానికి ఆవిరి పట్టడం ఈ చర్మానికి పనికిరావు. పొలంలో ఉండేవాళ్లకు గొడుగు, తలపాగా మొదటి మందు. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ తెల్లగా పూసినట్టు కనబడుతుందని ఇష్టపడనివాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మం రంగులో ఉండేవి దొరుకుతున్నాయి.

పొక్కులు ఉంటే మందు కావాలి. మెట్రోనిడజోల్, 15 శాతం అజిలాయిక్ ఆమ్లం, ఒక శాతం ఐవర్మెక్టిన్ పూతలకు నియాసినమైడ్ కంటే ఎంతో గట్టి ఆధారాలున్నాయి. తీవ్రమైతే తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్ ఇస్తారు. గర్భిణులకు అది పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. తేలిన రక్తనాళాలకు లేజర్ లాంటి చికిత్స కావాలి, క్రీములు పనిచేయవు. ఎరుపు, మంట, పొడిబారడం మాత్రమే ఉన్నవాళ్లు మెత్తటి ఫేస్‌వాష్, నియాసినమైడ్ మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఈ మూడింటితో మొదలుపెట్టడం సబబే. మందులు వాడేవాళ్లు వాటి పొడిదనాన్ని తట్టుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది.

విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, బందరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. చల్లపల్లి, అవనిగడ్డ, ఘంటసాల వైపు నుంచి రెండూ బస్సు దూరంలోనే ఉన్నాయి. మూడు నెలలు దాటి ముఖం మండుతూ ఉంటే, కళ్లు గరగరలాడుతుంటే ఇక ఆగకండి. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ రాసిన ప్రతి ట్యూబునూ, సీసానూ, వాటి అట్టపెట్టెలనూ సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. సిగ్గుపడి దాచకండి.